గైమాన్: కాలువ తవ్వుకుని నిలబడ్డ వెల్ష్ వాళ్ల ఊరు

విభాగం: దేశాలు, ఊళ్లు, జనం

ఓడ_ఇంజనీరు (కాకినాడ)
శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నేను సరుకు ఓడల్లో ఇంజనీరుని. పోయిన నవంబరులో మా ఓడ అర్జెంటీనాలోని ప్యూర్తో మద్రిన్ రేవుకి వెళ్లింది. అక్కడో పెద్ద అల్యూమినియం ఫ్యాక్టరీ ఉంది, దానికి అల్యూమినా దించాలి. ఒక రోజు సెలవు దొరికితే బస్సెక్కి త్రెలెవ్, అక్కణ్ణుంచి గైమాన్ అనే చిన్న ఊరు వెళ్లొచ్చాను. అప్పటి నుంచి ఆ ఊరి గురించి చదువుతూనే ఉన్నాను. ఎవరికైనా చెప్పకపోతే మనసు ఊరుకోవడం లేదు.

మద్రిన్ నుంచి దారంతా ఎడారే. ఇసుక ఎడారి కాదు. గులకరాళ్లు, ముళ్లపొదలు, ఆగని గాలి. ఏడాది మొత్తానికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన. మన అనంతపురంలో పడేదానిలో సగం కూడా కాదు. ఆ బూడిదరంగు చూసి చూసి కళ్లు అలిసిపోయాక బస్సు ఒక పల్లంలోకి దిగింది. ఇక పచ్చదనమే. పొలాల గట్ల మీద గాలికి అడ్డంగా బారులు తీరిన పోప్లర్ చెట్లు, లూసర్న్ గడ్డి మళ్లు, ఎర్ర ఇటుకల ప్రార్థనా మందిరాలు. వీటన్నిటి మధ్యా నిండుగా పారుతున్న కాలువ. ఊరి బయట ఆ కాలువగట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. ఒక రైతు తూము తలుపు ఎత్తుతున్నాడు. మా అమ్మమ్మగారి ఊరు అమలాపురం దగ్గర. అచ్చం అక్కడ నిలబడ్డట్టే అనిపించింది.

1865 మే 28న లివర్‌పూల్ నుంచి మిమోసా అనే ఓడ బయలుదేరింది. తేయాకు మోసిన పాత తెరచాప ఓడ. అందులో పిల్లాపాపలతో సుమారు నూట యాభై మంది వేల్స్ జనం. బ్రిటన్‌లో ఇంగ్లండ్ పక్కనున్న ప్రాంతం వేల్స్, అక్కడి జనాన్నీ వాళ్ల భాషనీ వెల్ష్ అంటారు. రెండు నెలలకి, జులై 28న ఇప్పుడు మద్రిన్ ఉన్న చోట దిగారు. అక్కడ జులై అంటే నడి చలికాలం. తాగడానికి మంచినీళ్లు కూడా లేవు. తీరంలో మెత్తటి రాతిని తొలిచిన గుంటలు ఇప్పటికీ చూపిస్తారు, మొదట్లో తలదాచుకున్నది అక్కడేనని. అక్కణ్ణుంచి, ఇప్పుడు గైమాన్ ఉన్న చుబుత్ నది లోయకి అరవై కిలోమీటర్ల పైన నడక.

వాళ్లలో వ్యవసాయం తెలిసినవాళ్లు కొద్దిమందే. బొగ్గుగని కూలీలు, వడ్రంగులు, దర్జీలు ఎక్కువ. ముందు వచ్చి చూసివెళ్లిన పెద్దలు, అది వేల్స్‌లోని పల్లపు భూముల్లాంటి పచ్చటి నేల అని చెప్పారు. వాళ్లేమో వానని నమ్ముకుని గోధుమ చల్లారు. వాన రాలేదు. రెండేళ్లు అలాగే గడిచాయి. అందరూ సామాను సర్దుకుని వెళ్లిపోదామనుకున్న సమయంలో, 1867లో, ఆరన్ జెంకిన్స్ అనే ఆయన భార్య రేచెల్ ఒక మాట అందట. నది ఒడ్డు ఒరుసుకుని పారుతోంది, మన మడి పల్లంలో ఉంది, గట్టుకి చిన్న గండి కొట్టి నీళ్లు పెడితే ఏమవుతుంది అని. పెట్టారు. పండింది. ఆ ఏడాది నుంచి ఊరంతా పారలు పట్టుకున్నారు.

వాళ్ల భాష అంతకాలం నిలబడడానికి ఆ కాలువే కారణమని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎలాగో రేపు రాస్తాను. డ్యూటీ టైమ్ అయింది.

మాస్టారు_నరసాపురం
ఆదివారం, ఉదయం 6:05

చాలా బాగుంది నాయనా. ముప్పయ్యేళ్లు సోషల్ చెప్పాను, ఈ ముక్క పిల్లలకి ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఒక సంగతి చేరుస్తాను. అర్జెంటీనా ప్రభుత్వం ఆ భూమి ఊరికే ఇవ్వలేదు. పటగోనియా, అంటే ఆ దక్షిణపు ప్రాంతమంతా, మాదంటే మాదని చిలీతో పేచీ ఉంది. అక్కడ తమ జెండా కింద నాలుగు ఇళ్లు ఉంటే ఆ వాదనకి బలం. అందుకే అప్పటి హోం మంత్రి గిలెర్మో రాసన్ ఒప్పుకున్నాడు. ఆ కృతజ్ఞతతోనే వాళ్లు కట్టిన మొదటి ఊరికి రాసన్ అని పేరు పెట్టారు. ఇప్పుడు చుబుత్ రాష్ట్రానికి అదే రాజధాని.

ఇంకా ముందుకు వెళితే 1902లో ఇంకో ముచ్చట. ఆండీస్ కొండల దగ్గర, అక్కణ్ణుంచి ఆరేడు వందల కిలోమీటర్ల దూరంలో, వీళ్లే అప్పటికే త్రెవెలిన్ లోయలో రెండో స్థావరం కట్టుకుని ఉన్నారు. సరిహద్దు తేల్చడానికి వచ్చిన బ్రిటిష్ మధ్యవర్తి, మీరు ఏ దేశంలో ఉంటారని అడిగితే ఆ లోయ జనం అర్జెంటీనాలోనే ఉంటామన్నారు. నాలుగు ఇళ్ల జెండా లెక్క అలా తేలింది.

కార్డిఫ్_పద్మ
ఆదివారం, మధ్యాహ్నం 3:30

నేను పదకొండేళ్లుగా వేల్స్‌లో ఉంటున్నాను కాబట్టి వాళ్లు ఎందుకు వెళ్లారో నేను చెప్తాను.

1847లో బ్రిటిష్ ప్రభుత్వం వేల్స్ బడుల మీద ఒక నివేదిక వేసింది. వెల్ష్ భాష వల్లే ఈ జనం వెనకబడ్డారని, నీతి తప్పారని అందులో రాశారు. ఇక్కడివాళ్లు ఆ అవమానాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ కాలంలో చాలా బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. దాన్ని 'వెల్ష్ నాట్' అంటారు. మ్యూజియంలో దాన్ని చూసినప్పుడు నాకు మన దగ్గర వచ్చిన వార్త గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది. 2009లో కడప జిల్లాలో ఒక బడిలో పిల్లల మెడలో 'నేను తెలుగు మాట్లాడను' అని పలక వేశారు కదా.

దానికి తోడు పొలాలు భూస్వాములవి, కౌళ్లు మోయలేనివి. బాలా ఊరి పాదిరి మైకేల్ డి. జోన్స్ యువకుడిగా 1848లో అమెరికాలోని ఒహాయో వెళ్లి చూశారు. అక్కడికి వెళ్లిన వెల్ష్ కుటుంబాలకి తిండికి లోటు లేదు, కానీ పిల్లలు ఇంగ్లిష్‌లోకి జారిపోతున్నారు. అందుకే ఇంగ్లిష్ లేని చోటు, ఇంకెవరూ లేని చోటు కావాలనుకున్నారు. అలా పటగోనియా. ఆ వలసని వాళ్ల భాషలో 'ఎ వ్లాద్వా' అంటారు. చుబుత్ నదికి వాళ్ల పేరు 'కామ్వీ'.

డల్లాస్_శాంతి
ఆదివారం, రాత్రి 8:44

పద్మ అక్కా, ఆ ఒహాయో మాట చదివి ఆగిపోయాను. అది 1848లో కాదు, ఈ పూట మా ఇంట్లో. మా అబ్బాయికి పన్నెండేళ్లు. అమ్మమ్మతో వీడియో కాల్‌లో 'బాగున్నా, తిన్నా' దాటి మాట రాదు. ఆదివారం తెలుగు క్లాసుకి నాలుగేళ్లు పంపాను. అక్షరాలు వచ్చాయి, మాట రాలేదు.

ఇంజనీర్ గారూ, భాష కాలువ వల్ల నిలబడిందన్నారే, అది దయచేసి త్వరగా రాయండి. నాకు నిజంగా కావాలి.

ఓడ_ఇంజనీరు (కాకినాడ)
సోమవారం, ఉదయం 5:20

శాంతి గారూ, నాకు అర్థమైనంతవరకు చెప్తాను.

రేచెల్ జెంకిన్స్ ఇంటివాళ్లు పెట్టింది ఒక మడి కాలువ. నది నిండుగా ఉన్నంతకాలం అది పనిచేస్తుంది. నది తగ్గిన ఏడాది అందదు. కాబట్టి బాగా పైనుంచి, నది ఎత్తుగా ఉన్న చోటునుంచి పెద్ద కాలువ తేవాలి. అది ఒక ఇంటి వల్ల కాదు. లోయకి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, వాటినుంచి పిల్లకాలువలు, బోదెలు. అన్నీ కలిపితే వందల కిలోమీటర్లు. పారలతో, గుర్రాలు లాగే తట్టలతో తవ్వుకున్నారు. ప్రభుత్వం తవ్వించలేదు, జమీందారూ తవ్వించలేదు. రైతులే కంపెనీలు పెట్టుకుని వాటాలు వేసుకున్నారు.

కాలువ ఉంటే వంతులు ఉంటాయి. ఎవరికి ఎప్పుడు నీళ్లు, ఎవరు ఎన్ని గజాల పూడిక తీయాలి, ఎవరు రాత్రి దొంగతనంగా తూము ఎత్తారు. వీటన్నిటికీ సమావేశాలు, తగువులు, తీర్మానాలు, లెక్కలు. అవన్నీ వెల్ష్‌లో నడిచాయి. మినిట్స్ పుస్తకాలు వెల్ష్‌లో రాశారు. గోధుమ అమ్ముకోవడానికి 1885లో సహకార సంఘం పెట్టారు, దాని పద్దులూ వెల్ష్‌లోనే. 1891లో, ఆ వలసకి నాయకుల్లో ఒకరైన లూయిస్ జోన్స్ 'ఎ ద్రావోద్' అని పత్రిక మొదలుపెట్టారు, ఆ పేరుకి అర్థమే 'చర్చ'. మొదటి దశాబ్దాల్లో ఊరి పాలన, పంచాయతీ తీర్పులు కూడా ఆ భాషలోనే.

అంటే అక్కడ పదేళ్ల పిల్లవాడికి తన భాష అమ్మమ్మతో మాట్లాడే భాష మాత్రమే కాదు. నీళ్ల వంతు దక్కించుకునే భాష. పక్క పొలంవాడితో పోట్లాడి గెలిచే భాష. అప్పు పుట్టించే భాష. రాకపోతే తన పొలం ఎండుతుంది. మనం పిల్లలకి తెలుగులో పద్యం నేర్పుతాం, నేర్పాలి కూడా. కానీ వాళ్ల చేత తెలుగులో ఒక్క లెక్క రాయించం, ఒక్క తగువు తీర్పించం.

కార్డిఫ్_పద్మ
సోమవారం, మధ్యాహ్నం 1:15

ఒప్పుకుంటాను, కానీ సగమే. నన్నడిగితే భాషని మోసింది ప్రార్థనా మందిరం. ఆ చిన్న లోయలో ముప్పైకి పైగా కట్టారు. గైమాన్‌లో బెథెల్ మందిరం 1913 నాటిది, దాని పక్కనే అంతకు ముందుది ఇంకా నిలబడి ఉంది. ఆదివారం బడిలో పిల్లలతో పాటు పెద్దలూ కూర్చుని చదవడం నేర్చుకునేవారు. బైబిల్ వెల్ష్‌లో ఉంది కాబట్టి ఇంటింటా చదువు వచ్చింది. దాని పైన ఐస్తెద్‌వోద్, అంటే కవితలకి, పాటకి పోటీలు జరిగే ఉత్సవం. గెలిచిన కవిని చెక్క కుర్చీలో కూర్చోబెట్టి సన్మానిస్తారు. అది పటగోనియాలో ఇప్పటికీ ఏటా జరుగుతుంది.

మినిట్స్ పుస్తకం రాయడానికి అక్షరం ఎక్కడ నేర్చుకున్నారు? మందిరంలోనే కదా.

లస్కరు_మనవడు
సోమవారం, రాత్రి 9:02

మా తాత ధవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లో లస్కరు, నాన్న కూడా ఇరిగేషన్‌లోనే. ఈ చర్చ చూసి ఇవాళే ఖాతా తెరిచాను.

పద్మ గారూ, మీ మాట కాదనను. కానీ కాలువ సంగతి కొంచెం చెప్పనివ్వండి. గోదావరి ఆనకట్ట 1852కి పూర్తయింది. దాని వెనక కాటన్ దొర ఉన్నాడు, కంపెనీ ఖజానా ఉంది, వేలమంది కూలీలు ఉన్నారు. అక్కడ పదిహేనేళ్లకి, ఖజానా లేని బొగ్గుగని కూలీలు ఆ పని మొదలుపెట్టారంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తోంది. కాలువ తవ్వడంలో కష్టం పార దగ్గర ఉండదు, వాలు దగ్గర ఉంటుంది. వాలు ఎక్కువైతే గట్టు కోసుకుపోతుంది, తక్కువైతే పూడిపోతుంది. మైళ్ల పొడవునా జానెడు తేడా పట్టుకోవాలి. తర్వాత వచ్చిన ఇంజనీరు ఇ. జె. విలియమ్స్ కొలతలు వేసి పెద్ద కాలువలు తీర్చాడని చదివాను. మొదటివి మాత్రం కంటిచూపుతోనే తీసి ఉంటారు.

ఇంకో సంగతి. నదిని నమ్ముకున్నవాడికి నది భయం కూడా ఉంటుంది. 1899 జులైలో వచ్చిన వరద లోయ మొత్తాన్ని ముంచేసింది. ఇళ్లు, మందిరాలు, కోసిపెట్టుకున్న పంట, అంతా పోయింది. మళ్లీ రెండేళ్లకి ఇంకోటి. విసిగిపోయి 1902లో రెండు వందల మందికి పైగా కెనడా బయలుదేరారు. ఎక్కువమంది సస్కచ్వాన్‌లో పొలాలు చేసుకున్నారు. ఎగువన ఫ్లోరెంతీనో అమెగీనో డ్యామ్ 1963లో పూర్తయ్యాక గానీ లోయకి వరద భయం తగ్గలేదు. దాదాపు వందేళ్లు ఏటా ఆకాశం చూసి, నదిని చూసి పడుకున్నారన్నమాట. దివిసీమ వాళ్లకి ఆ నిద్ర ఎలాంటిదో తెలుసు.

వర్ని_రవి
మంగళవారం, ఉదయం 7:48

అందరూ మంచిగ రాస్తున్నరు. నేను ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి.

మాది నిజామాబాద్ జిల్లా. నిజాంసాగర్ కాలువ కింద కోస్తా నుంచి వచ్చినవాళ్లు క్యాంపులు కట్టుకుని పొలాలు చేశారు. వాళ్ల కష్టం నేను చూశాను, వాళ్ల పిల్లలతో కలిసి చదువుకున్నాను. కానీ ఎవరైనా 'బీడు భూమిని బంగారం చేశారు' అంటే మా తాత ఒకటే అనేవాడు: బీడు అని ఎవరు చెప్పిన్రు, మా పశువులు మేసింది యాడ అని.

మీ గైమాన్ కూడా ఖాళీ నేల కాదు కదా? మైకేల్ జోన్స్ గారు 'ఎవరూ లేని చోటు' అనుకున్నాడని పద్మక్క రాసింది. అక్కడ ఎవరు ఉండేవారు? వాళ్లు ఏమయ్యారు?

మోడరేటర్
మంగళవారం, ఉదయం 9:10

రవి గారి ప్రశ్న ఈ చర్చకి అవసరమైనదే, ఉంచుతున్నాను. నిజాంసాగర్ విషయం మీద వచ్చిన మూడు జవాబులని వేరే చర్చకి మార్చాను. ఇక్కడ పటగోనియా గురించే కొనసాగించండి.

ఓడ_ఇంజనీరు (కాకినాడ)
మంగళవారం, రాత్రి 11:35

రవి గారూ, ఈ సంగతి నేనే ముందు రాయాల్సింది. పొరపాటు నాది.

అక్కడ ఉండేవాళ్లు తెహువెల్చేలు. గువనాకో అనే ఒంటె జాతి జంతువులని వేటాడుతూ ఆ మైదానాల్లో తిరిగే జనం. గైమాన్ అన్నది కూడా వాళ్ల మాటే. పదును పెట్టే రాయి అని అర్థం చెబుతారు. వెల్ష్ వాళ్లు వచ్చిన మరుసటి ఏడాది, 1866లో, వాళ్ల నాయకుడు ఫ్రాన్సిస్కో ఈ కొత్తవాళ్ల దగ్గరికి వచ్చాడు. ఆకలితో ఉన్న వీళ్లకి వేట నేర్పింది వాళ్లే. తాళ్లకి రాళ్లు కట్టి విసిరే బోలాస్, గుర్రాన్ని మచ్చిక చేసుకోవడం, అన్నీ. బదులుగా వీళ్లు రొట్టె ఇచ్చేవారు. ఉప్పు నీళ్ల మధ్య ఆకలితో చచ్చిపోవాల్సిన జనాన్ని నిలబెట్టినవాళ్లలో రేచెల్ కన్నా ముందు చెప్పాల్సిన పేరు ఫ్రాన్సిస్కోది. వెల్ష్‌లో రొట్టెని 'బరా' అంటారు. తెహువెల్చేల నోట కూడా ఆ మాట నిలిచిపోయింది.

తర్వాత 1879 నుంచి 1885 వరకు అర్జెంటీనా సైన్యం 'ఎడారి విజయం' అని పేరు పెట్టి ఆ జనాన్ని చంపింది, పట్టుకుని తరలించింది. వెల్ష్ పెద్దలు 1883లో, వీళ్లు మా స్నేహితులు, వీళ్లని వదిలేయండని సైన్యాధికారికి లేఖ రాశారు. ఎవరూ వినలేదు.

జాన్ డానియల్ ఇవాన్స్ అనే ఆయన మిమోసా ఓడలో చిన్నపిల్లాడిగా వచ్చినవాడు. 1884లో ఇతనితో ఉన్న ముగ్గురు వెల్ష్ యువకులని, సైన్యం వెంటబడి రగిలిపోయి ఉన్న ఆదివాసులు చంపేశారు. మలకారా అనే తన గుర్రం లోతైన గట్టు మీదనుంచి దూకబట్టి ఇతనొక్కడూ బతికాడు. అలాంటి మనిషి కొన్నేళ్ల తర్వాత వల్చేతా అనే చోట ముళ్లకంచెల వెనక బందీలుగా ఉన్న ఆదివాసులని చూశాడు. కంచె దగ్గరికి వచ్చిన ఒకతను 'బరా, బరా' అని చెయ్యి చాపాడు. చూస్తే చిన్నప్పటి స్నేహితుడు. కలిసి ఆడుకున్నవాడు, తనతో రొట్టె పంచుకున్నవాడు. ఇవాన్స్ ఆ క్షణంలో ఏమీ చేయలేకపోయాడు. తర్వాత డబ్బు తీసుకుని విడిపించడానికి వెళ్లేసరికి ఆ స్నేహితుడు చనిపోయాడు. ఇదంతా ఇవాన్స్ తన జ్ఞాపకాల్లో స్వయంగా రాసుకున్నాడు.

వీళ్లు తుపాకీ పట్టి ఆ నేల లాక్కోలేదు. అది నిజం. వీళ్ల కాలువలు, వీళ్ల గోధుమ ఉండబట్టే ప్రభుత్వానికి ఆ నేల మీద పట్టు దొరికింది. అదీ నిజమే. ఈ రెండోది ఎంత ఆలోచించినా నాకు చల్లారడం లేదు.

వర్ని_రవి
బుధవారం, ఉదయం 6:30

థాంక్స్ అన్నా. మా అమ్మకి చదివి వినిపించాను. 'బరా' దగ్గర ఏడ్చింది.

చౌడునేల
బుధవారం, మధ్యాహ్నం 2:20

వ్యవసాయ శాఖలో పనిచేస్తాను. పంటల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

మొదటి ముప్పై నలభై ఏళ్లు గోధుమే. 1889 పారిస్ ప్రదర్శనలో, 1893 షికాగో ప్రదర్శనలో చుబుత్ గోధుమకి బహుమతులు వచ్చాయి. దాన్ని సముద్రానికి చేర్చడానికే 1880ల చివర్లో మద్రిన్ నుంచి లోయకి రైలుమార్గం వేశారు. రైలు ఆగిన చోట పుట్టిన ఊరు త్రెలెవ్. త్రె అంటే ఊరు, లెవ్ అంటే లూయిస్ జోన్స్. తర్వాత రైలు గైమాన్ దాకా వచ్చింది. అక్కడ కొండ కింద తవ్విన సొరంగంలోంచి ఇప్పుడు జనం నడిచి వెళ్తారు.

ఇరవయ్యో శతాబ్దంలో గోధుమ నిలవలేదు. అర్జెంటీనాలోనే వానమీద పండే పంపా మైదానాల గోధుమ అంతకన్నా చౌక. లోయ లూసర్న్‌కి మారింది. పశువులకి గడ్డి, అమ్మకానికి విత్తనం. అదీ కొన్నాళ్లు బాగా నడిచింది.

ఇక నా పేరుకి తగ్గ సంగతి. ఎడారి నేలకి ఏళ్ల తరబడి నీళ్లు పెట్టి, మురుగు పోయే దారి చూడకపోతే అడుగున ఉన్న ఉప్పు పైకి వస్తుంది. ఆ లోయలో చాలా పొలాలు అలా చౌడు తేలాయి. మన నాగార్జునసాగర్, తుంగభద్ర ఆయకట్టు చివర్లలో ఇదే కథ. తెల్లటి పెంకు కట్టిన నేల చూస్తే రైతు ముఖం ఎలా ఉంటుందో నాకు రోజూ తెలుసు. నీళ్లు తేవడానికి చూపిన తెలివి, నీళ్లు తీయడానికి కూడా చూపాలి. ఆ మురుగుకాలువ పని వాళ్లకి ఆలస్యంగా వచ్చింది, మనకి ఇంకా రాలేదు.

డల్లాస్_శాంతి
బుధవారం, రాత్రి 10:50

మరి భాష ఎప్పుడు పడింది? ఎలా లేచింది? అది ఎవరైనా చెప్పండి. మా వాడికి ఈ కథంతా చెప్తున్నాను, ఇంగ్లిష్‌లోనే అనుకోండి. 'తర్వాత ఏమైంది' అని రోజూ అడుగుతున్నాడు.

కార్డిఫ్_పద్మ
గురువారం, మధ్యాహ్నం 12:40

శాంతీ, విను. శతాబ్దం మారే సమయానికి ప్రభుత్వ బడుల్లో స్పానిష్ తప్పనిసరి అయింది. రైలుతో పాటు ఇటాలియన్లు, స్పానియార్డులు, ఇంకా చాలామంది వచ్చారు. వాళ్లందరికీ ఉమ్మడి భాష స్పానిష్. వేల్స్ నుంచి కొత్త వలసలు 1914 ప్రాంతానికి ఆగిపోయాయి. తర్వాత సహకార సంఘం కూలిపోయింది, చాలామంది పొదుపు దాంట్లోనే పోయింది. కాలువలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి. లెక్కలు, వంతులు అన్నీ స్పానిష్‌లోకి మారాయి. ఇది రాస్తూంటే ఇంజనీర్ గారి మాటే నిజమనిపిస్తోంది. మందిరాలు అలాగే ఉన్నాయి, ఆదివారం పాటలు అలాగే ఉన్నాయి. అయినా 1950లకి ఇళ్లలో చాలామంది పిల్లలకి వెల్ష్‌లో మాట్లాడడం మానేశారు. మందిరం ఒక్కటే మోయలేకపోయింది. ఆ ముక్కలో నేను వెనక్కి తగ్గుతున్నాను.

లేవడం 1965తో మొదలైంది. మిమోసా వచ్చి వందేళ్లయిందని వేల్స్ నుంచి ఒక బృందం వెళ్లింది. రెండు వైపులా ముసలివాళ్లు ఒకరి మాట ఒకరికి అర్థమవుతోందని కన్నీళ్లు పెట్టుకున్నారట. 1997 నుంచి ఏటా వేల్స్ నుంచి టీచర్లని పంపుతున్నారు. ఇప్పుడు గైమాన్‌లో, త్రెలెవ్‌లో, త్రెవెలిన్‌లో వెల్ష్, స్పానిష్ రెండూ నేర్పే బడులు ఉన్నాయి. మాట్లాడేవాళ్ల లెక్క రకరకాలుగా చెబుతారు, ఎవరు చెప్పినా కొద్ది వేలే. కానీ వాళ్లలో పిల్లలు ఉన్నారు, వెల్ష్ పూర్వీకులు అసలే లేని పిల్లలు కూడా ఉన్నారు. కార్డిఫ్‌లో చదువుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి మాట విన్నాను. వెల్ష్ మాటలు, స్పానిష్ రాగం. మా పక్కింటి ముసలాయన 'మా అవ్వ ఇలాగే ముద్దుగా మాట్లాడేది' అన్నాడు.

మా పాపకి ఇక్కడ బడిలో వెల్ష్ తప్పనిసరి. ఇంట్లో తెలుగు. మూడో తరగతి నుంచి ఇంటి కిరాణా పద్దు దాని చేతే తెలుగులో రాయిస్తున్నాను. 'కందిపప్పు' లో సున్న మర్చిపోతుంది, ఫర్వాలేదు. నువ్వు కూడా మొదలుపెట్టు.

మాస్టారు_నరసాపురం
గురువారం, సాయంత్రం 5:15

పద్మా, ఆ పద్దు ఫొటో ఒకటి పెట్టమ్మా. సున్న లేకపోయినా సరే.

ఇంజనీరు నాయనా, గైమాన్‌లో టీ దుకాణాలు ప్రసిద్ధి అని ఎక్కడో చదివాను. తాగావా?

ఓడ_ఇంజనీరు (కాకినాడ)
శుక్రవారం, ఉదయం 4:55

తాగాను మాస్టారూ. పంటతో కష్టమయ్యాక ఊరికి టీ ఇళ్లే పెద్ద ఆదాయం అయ్యాయి. 1995లో బ్రిటన్ రాకుమారి డయానా ఒక టీ ఇంటికి వచ్చిందని ఇప్పటికీ చెబుతారు. పెద్ద కెటిల్‌తో టీ, ఇంట్లో చేసిన రొట్టె, వెన్న, జామ్, చివర్లో 'తోర్తా నేగ్రా' అనే నల్ల కేక్. ఎండు ద్రాక్ష, గింజలు, ముదురు చక్కెర వేసి చేస్తారు, నెలల తరబడి పాడవదు. పెళ్లి కేక్‌లో ఒక ముక్క దాచుకుని తర్వాతి పెళ్లిరోజుల్లో తింటారు. ఆ కేక్ వేల్స్‌లో లేదట, అక్కడి కరువులో చేతిలో ఉన్నవాటితో పుట్టిందంటారు. జులై 28న మాత్రం ఊరంతా మందిరాల్లో కలిసి టీ తాగుతారు, ఎవరైనా రావచ్చు.

లస్కరు_మనవడు
శుక్రవారం, రాత్రి 8:18

ఇంజనీర్ గారూ, మొదటి రోజు రాశారు కదా, ఒక రైతు తూము తలుపు ఎత్తుతున్నాడని. అతను ఎవరు? వెల్ష్ వాడేనా? వంతు ఇప్పుడు ఎలా నడుస్తుంది? నాకు ఇది తెలియకుండా నిద్ర పట్టదు.

ఓడ_ఇంజనీరు (కాకినాడ)
శనివారం, ఉదయం 5:40

అన్నా, అతను వెల్ష్ వాడు కాదు. బొలీవియా నుంచి వచ్చినవాడు. ఆ లోయలో ఇప్పుడు కూరగాయలు పండించేది ఎక్కువగా బొలీవియా కుటుంబాలే. పాత పొలాలు కౌలుకి తీసుకుని ఆకుకూరలు, ఉల్లి, టమోటా వేస్తారు. కొందరు కొనుక్కున్నారు కూడా. వీళ్లు కూడా రెండు మూడు దశాబ్దాల కింద చేతిలో ఏమీ లేకుండా వచ్చినవాళ్లే.

ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడాను. పేరు చెప్పాడు, నేను ఇక్కడ రాయను. తూముని వాళ్లు 'కొంపుఎర్తా' అంటారు, వంతుని 'తుర్నో' అంటారు. వారానికి ఒకసారి తన వంతు, ఆ రోజు ఇంటిల్లిపాదీ పొలంలోనే. ఇద్దరు పిల్లలు బోదె వెంట పరిగెత్తుతూ ఎక్కడ తెగిందో చూసి అరుస్తున్నారు, అతను పారతో మట్టి వేస్తున్నాడు. వాళ్లిద్దరూ అతనితో స్పానిష్‌లో మాట్లాడారు. గట్టు మీద కూర్చున్న ముసలమ్మ మాత్రం ఇంకేదో భాషలో కేకేసింది. అదేమిటని అడిగితే కెచువా అన్నాడు. పిల్లలకి వచ్చా అని అడిగాను. అర్థమవుతుంది, జవాబు చెప్పరు అన్నాడు.

తర్వాత నీళ్లు వచ్చేశాయి, ఇంక అతనికి మాట్లాడే తీరిక లేకపోయింది.